క్రాకోవ్ పెద్దాయన ఖాళీ కంచం

నేను పోలండ్‌లోని క్రాకోవ్ నగరాన్ని ఎప్పుడూ చూడలేదు. అయినా అక్కడి నడిబజారులో ఉన్న పెద్ద చర్చికి రెండు గోపురాల్లో ఏది ఎత్తో, ఎందుకు ఎత్తో, దానికెంత అట్ట పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఎడమ గోపురానికి మూడున్నర కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు, కుడిదానికి మూడు. ఆ గోపురాలు ఇప్పుడు మా ఇంట్లో టీవీ పక్కన ఉన్నాయి. వచ్చినవాళ్ళంతా "భలే ఉందే, ఆన్‌లైన్‌లో తీసుకున్నారా?" అని అడుగుతారు. అప్పుడు నేను కథ మొదలుపెడతాను. మా ఆయన మెల్లగా వంటింట్లోకి జారుకుంటారు.

ఈ విద్య నాకు అబ్బింది అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, కమ్మింగ్‌లో, మా పక్కింటి గ్యారేజిలో. గురువుగారు ఎనభై దాటిన పెద్దాయన. క్రాకోవ్‌లో పుట్టి, పాతికేళ్ళ వయసులో అమెరికా వచ్చి, బట్టల మిల్లులకి యంత్రాలు డిజైన్ చేసి, రిటైరయ్యాక భార్యతో ఇక్కడ స్థిరపడ్డారు. మేం ఆ వీధిలో ఇల్లు కొనేనాటికే ఆవిడ పోయారు. ఒక్కతే కూతురు, మినియాపోలిస్‌లో నర్సు. సరిగ్గా పండగ రోజునే ఆమెకి డ్యూటీ పడుతుంది.

మా పరిచయం గొడవతో మొదలైంది. ఆ ఏడాది వీసా స్టాంపింగ్‌కి స్లాట్ దొరక్క మా ఇండియా ప్రయాణం ఆగిపోయింది. ప్రయాణం ఆగింది గాని, చుట్టాలకని కొన్న నాలుగు సంచుల చాక్లెట్లు ఆగుతాయా? మా అమ్మాయీ, మా ఆయనా పోటీలు పడి ఖాళీ చేశారు. ఒక బుధవారం పొద్దున్న కిటికీలోంచి చూద్దును కదా, పక్కింటి పెద్దాయన మా రీసైక్లింగ్ డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుకుతున్నారు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నైటీ మీద జాకెట్ తగిలించుకుని పరుగున వెళ్ళి, ఏం వెతుకుతున్నారని నిలదీశాను. మేమిద్దరం ఎప్పుడు మాట్లాడుకున్నా ఇంగ్లీషులోనే. ఆయనది పోలిష్ యాస, నాది భీమవరం యాస. ఇక్కడ రెంటినీ తెలుగులోనే పెడుతున్నాను.

ఆయన ఏమాత్రం తడబడలేదు. ఎర్రటి చాక్లెట్ రేకు కాగితం ఒకటి ఎండలోకి ఎత్తిపట్టి, "ఇంత మంచి ఎరుపుని ఎవరైనా పారేస్తారా?" అన్నారు. తిట్టడానికి వెళ్ళినదాన్ని తిట్లు తిని వచ్చాను.

ఆ ఎరుపు దేనికో చూపిస్తానని గ్యారేజిలోకి తీసుకెళ్ళారు. కారు ఉండాల్సిన చోట పొడవాటి బల్ల, దాని మీద సగం కట్టిన అట్ట కోట. దాన్ని షోప్కా అంటారట. వెనకటికి క్రాకోవ్‌లో తాపీ మేస్త్రీలకి చలికాలం పని దొరికేది కాదు. మంచు కురుస్తుంటే గోడ ఎక్కడ లేస్తుంది? చేతులు ఊరుకోక, పొట్ట ఊరుకోక, తాము కట్టిన ఊరినే అట్టతో బుల్లిగా కట్టి, మధ్యలో బాలయేసుని పడుకోబెట్టి, ఇంటింటికీ తిప్పి చూపించేవారు. ఇప్పటికీ ఏటా డిసెంబరు మొదటి గురువారం ఊరి జనం తమ తమ షోప్కాలు మోసుకొచ్చి నడిబజారులో విగ్రహం మెట్ల మీద బారుగా పెడతారట. బేత్లెహేము పశువుల పాక ఉండాల్సిన చోట క్రాకోవ్ చర్చిలూ, బురుజులూ, రంగు రేకుల్లో ధగధగలాడుతుంటాయి.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పు పట్టకుండా ఉండలేను. "యేసు పుట్టింది బేత్లెహేములో కదా అంకుల్, మీ ఊళ్ళో ఎలా పుట్టించారు?" అన్నాను.

"ఎవరి ఊళ్ళో వాళ్ళు చోటు చూపించకపోతే ఆయన ఎక్కడ పుడతాడు?" అన్నారు. "నన్ను అంకుల్ అని ఎందుకు పిలిచావు, మీ నాన్న తమ్ముణ్ణా?" అని కూడా అడిగారు. కాదు, మావాళ్ళు కనిపించిన పెద్దవాళ్ళందర్నీ అలాగే పిలుస్తారని చెప్పాను. ఆ పిలుపు ఆయనకి నచ్చినట్టే ఉంది, మళ్ళీ ఆ మాటెత్తలేదు.

అప్పట్నుంచి శనివారాలు రేకు కాగితాలు చదును చేసి పట్టుకెళ్ళడం నాకు అలవాటైంది. మా ఆయన మొదట్లో గునిశారు. "మనది విగ్రహాలు లేని చర్చి. రేపు పాస్టర్‌గారు విజిట్‌కి వచ్చి, మీ ఆవిడ ఏం బిల్డ్ చేస్తోందని అడిగితే నేనేం చెప్పాలి?" అన్నారు.

"అట్టపెట్టె అని చెప్పండి," అన్నాను.

కత్తెర ఒకవైపు కదులుతుంటే ఇంకోవైపు కథలు నడిచేవి. కోట కింద గుహలో డ్రాగన్ ఉండేదట. రోజుకో పశువుని మింగేది. యోధులందరూ ఓడిపోయాక ఒక చెప్పులు కుట్టే కుర్రాడు గొర్రె తోలులో గంధకం కూరి గుహ ముందు పెట్టాడు. డ్రాగన్ మింగింది, కడుపు మండింది, విస్తులా నది దగ్గరికెళ్ళి తాగీ తాగీ పగిలి చచ్చింది. నది అడుగు కనిపించేదాకా తాగితే పడవలవాళ్ళు ఏమయ్యారు, గొర్రెకీ గంధకానికీ వాసన తేడా తెలియని డ్రాగన్ అన్నాళ్ళు ఎలా బతికింది అని నేను అడిగాను. ఆయన బ్రష్ పక్కన పెట్టి, "నీకు జీతం ఇచ్చేవాళ్ళు నిజంగా సుఖపడుతున్నారా?" అన్నారు.

రెండు గోపురాల కథకి మాత్రం నేను నోరెత్తలేదు. అన్నదమ్ములిద్దరు చెరొక గోపురం కడుతున్నారు. అన్నది ముందు పూర్తయింది. తమ్ముడిది తనదాన్ని మించిపోతుందేమోనని అన్న అతన్ని కత్తితో పొడిచి చంపాడు. తర్వాత ఆ పాపం భరించలేక తనూ ప్రాణం తీసుకున్నాడు. తమ్ముడి గోపురం పొట్టిగానే మిగిలిపోయింది. ఆ కత్తిని బట్టల బజారు దారిలో ఇప్పటికీ వేలాడదీసి ఉంచారట. మూడు డబ్బాల అట్ట దగ్గర ఆపి, "ఇక్కడే తమ్ముడు ఆగిపోయాడు," అని ఆయన పైకప్పు అతికించేవారు.

బూర కథలో నేను అడ్డంగా దొరికిపోయాను. ఆఫ్‌షోర్ కాల్స్ కోసం నేను పొద్దున్న ఆరింటికే లేస్తాను. సరిగ్గా ఆ వేళకి పక్కింటి వంటింటి కిటికీలోంచి బూర పాట వినిపించేది. హాయిగా సాగుతూ సాగుతూ సగంలో టక్కున ఆగిపోయేది. రోజూ అంతే. పాపం పెద్దాయన, ఇంటర్నెట్ సరిగ్గా రావడం లేదనుకున్నాను. రెండు నెలలు జాలిపడి, చివరికి మా పాత రౌటరు ఇచ్చి మా ఆయన్ని పంపాను. ఆయన రౌటరుతో వెళ్ళారు, రౌటరుతోనే తిరిగొచ్చారు. "బఫరింగ్ కాదట తల్లీ! కొన్ని వందల ఏళ్ళ నుంచి అలాగే ఆగుతోందట," అని సోఫాలో కూలబడి నవ్వారు.

శత్రువుల దండు వస్తుంటే ఎత్తు గోపురం మీది కావలివాడు కోట తలుపులు మూయమని బూర ఊదాడు. ఊదుతుండగానే గొంతులో బాణం దిగింది. ఊరు బతికింది, అతను పోయాడు. అందుకని ఇప్పటికీ గంటగంటకీ ఆ గోపురం మీంచి నాలుగు దిక్కులకీ ఊదుతారు, ఆ స్వరం దగ్గరే ఆపేస్తారు. అక్కడి మధ్యాహ్నం పన్నెండు మాకు పొద్దున్న ఆరు. రేడియోలో వచ్చే ఆ పాటని ఆయన ఫోన్‌లో పెట్టుకుని టీ తాగేవారు. ఇప్పుడు బాణాలేసేవాళ్ళు లేరు కదా, పూర్తిగా ఊదొచ్చుగా అన్నాను. "పూర్తి చేస్తే నువ్వు రౌటరు పంపేదానివా?" అన్నారు.

ఇంతవరకూ సరదా. ఆ మొదటి క్రిస్మస్ నాడు నేను చేసిన ఘనకార్యం మాత్రం, సంగతి తెలిశాక, నన్ను పొడుస్తూనే ఉంది.

డిసెంబరు ఇరవై నాలుగు సాయంత్రం. మా వైపు క్రిస్మస్ అంటే బిర్యానీ. పెద్ద గిన్నెడు చికెన్ బిర్యానీ పట్టుకుని పక్కింటి తలుపు కొట్టాను. పెద్దాయన కోటూ టైతో తలుపు తీశారు. నన్ను చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. అలా వెలగడం అంతకుముందు నేను చూడలేదు. లోపల తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, రెండు కంచాలు. ఒకదాని ముందు ఆయన కుర్చీ. రెండోది ఖాళీ. "రా, కూర్చో," అన్నారు.

"లేదు లేదు అంకుల్, ఇప్పుడే తిన్నాం," అన్నాను.

నిజానికి తినలేదు. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. కానీ మా వైపు మొదటి వద్దు లెక్కలోకి రాదు. రెండో వద్దు బెట్టు. మూడోసారి చెయ్యి పట్టి కూర్చోబెడితే, "సరే, మీరంతగా అంటున్నారు కాబట్టి" అని కంచం ముందుకు లాక్కోవాలి. అది మర్యాద. పుట్టినప్పట్నుంచీ అదే నేర్చుకున్నాను. ఆయన మాత్రం మొదటి వద్దునే నిజమనుకున్నారు. ఆ వెలుగు కాస్తా తగ్గి, "ఓ, సరే," అని బిర్యానీ అందుకున్నారు. "మీ నక్షత్రం నాకు బాగా ఉపయోగపడుతోంది," అని మా వసారాలో వేలాడే కాగితం నక్షత్రం వైపు చూపించారు. ఏదో మర్యాదకన్నారనుకుని నవ్వేసి వచ్చాను. క్రిస్మస్ ముందు సాయంత్రం వాళ్ళు మాంసం ముట్టరని గిన్నె తిరిగిచ్చేటప్పుడు చెప్పారు. మర్నాడు వేడి చేసుకుని తిన్నారట, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట. కారం వల్ల.

ఆ రెండో కంచం సంగతి మళ్ళీ అక్టోబరు వచ్చేదాకా నాకు తెలియదు. గ్యారేజిలో కొత్త షోప్కాకి పునాది వేస్తున్నాం. "కిందటేడు మీ ఇంటికి ఎవరో రావాల్సి ఉన్నట్టుందే, వచ్చారా?" అని ఊరికే అడిగాను.

ఆయన జిగురు రాస్తూనే చెప్పారు. వాళ్ళ ఊళ్ళో ఆ సాయంత్రం ఏ ఇంట్లోనూ ఒక కంచం ఎక్కువ పెట్టకుండా భోజనానికి కూర్చోరట. పిలవకుండా వచ్చే మనిషి కోసం ఆ కంచం. దారి తప్పినవాడు కావచ్చు, ఎవరూ లేనివాడు కావచ్చు. ఎవరొచ్చినా ఎందుకొచ్చావని అడగకుండా కూర్చోబెట్టాలి. "మా ఆవిడ ఉన్నప్పుడు మూడు కంచాలు పెట్టేది. ఇప్పుడు నేను రెండు పెడుతున్నాను. ఈ దేశంలో ఎవరూ మెసేజ్ పెట్టకుండా రారు. ఇన్నేళ్ళలో ఒక్కసారే ఒక మనిషి పిలవకుండా వచ్చింది," అన్నారు.

"ఎవరు?" అన్నాను. ఎంత తెలివిగలదాన్నో చూడండి.

"తినేసి వచ్చింది," అన్నారు, జిగురు సీసా మూత బిగిస్తూ.

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. తినలేదని, అది మా మర్యాద అని, మీరు ఇంకో రెండుసార్లు అడిగి ఉండాల్సిందని గబగబా చెప్పుకొచ్చాను. ఆయన పడీపడీ నవ్వారు. నవ్వి, జనవరిలో ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నానన్నారు. ఇల్లు అప్పటికే అమ్మేశారు. కూతురి ఇంట్లో పండగ వాళ్ళ పద్ధతిలో, వాళ్ళకి కుదిరిన రోజున జరుగుతుందట. అంటే ఆ కంచం పెట్టడం ఈ ఏడాదితో ఆఖరు.

"అయితే ఈసారి నన్ను పిలవండి, ఖాళీ కడుపుతో వస్తాను," అన్నాను.

"పిలిస్తే ఇంక ఆ కంచం దేనికి?" అన్నారు.

అక్కడొచ్చింది చిక్కు. పిలిస్తే ఆ కంచం ఆ కంచం కాదు. పిలవకపోతే నేను వెళ్ళలేను. పిలవని పేరంటానికి వెళ్ళడమంత తక్కువతనం లేదని మా ఇంటి ఆడవాళ్ళంతా నా తలలో మేకు దించినట్టు చెప్పి పెంచారు. పైగా వస్తానని ముందే చెప్పేస్తే అనుకోని అతిథి ఎలా అవుతాను? ఆ తర్వాత ఇద్దరం ఆ మాటే ఎత్తలేదు. నవంబరంతా, ఇప్పుడు మా టీవీ పక్కనున్న ఆ గోపురాలు కట్టాం, డ్రాగన్‌కి ఆకుపచ్చ రేకు పొలుసులు అతికించాం. ఆయన ఇంట్లో ఒక్కొక్క గదీ అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోతోంది. నాకు ఆఫీసులో కూడా ఆ కంచమే గుర్తొచ్చేది. అది ఈసారి కూడా ఖాళీగా ఉండిపోతే ఆ తప్పు నాదే అనిపించేది.

ఇరవై నాలుగో తేదీ రానే వచ్చింది. తీరా చూస్తే, ఆ సాయంత్రం ఏడింటికి మా తెలుగు చర్చి కేరల్స్ బృందం మా ఇంటికి వచ్చే వంతు. పాతికమందికి పునుగులు వేయాలి. మా ఆయనకి సంగతంతా చెప్పాను.

"నువ్వు వెళ్ళు. పునుగులు నేను చూసుకుంటా," అన్నారు.

"మీరా?"

"యూట్యూబ్ ఉంది, నేనున్నాను. వెళ్ళు."

మధ్యాహ్నం నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. నాలుగు సార్లు ఏదో ఒకటి పట్టుకెళ్దామని ఫ్రిజ్ తెరిచి, నాలుగు సార్లు మూసేశాను. అనుకోకుండా వచ్చే మనిషి కేకు బాక్సుతో వస్తుందా? ఆరు కావస్తోంది. సన్నగా వాన తుంపర, చీకటి పడింది. కర్టెన్ పక్కన నిలబడి పక్కింటి వైపు చూస్తున్నాను. ఆకాశంలో మొదటి చుక్క కనిపించాకే వాళ్ళు బల్ల దగ్గర కూర్చుంటారు, ఆ సంగతి గ్యారేజిలోనే చెప్పారు. ఈ మబ్బులో చుక్క ఎక్కడిది? పెద్దాయన కోటూ టైతో ఆయన వసారాలో నిలబడి ఉన్నారు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. కదలరు. పైకి కూడా చూడటం లేదు. చూస్తే మా ఇంటి వైపే చూస్తున్నారు.

ఒక్కసారి గుర్తొచ్చింది. మీ నక్షత్రం నాకు బాగా ఉపయోగపడుతోంది, అన్నారు కదా. తలుపు తీసి మా వసారాలోకి తొంగిచూశాను. నక్షత్రం ఆరిపోయి ఉంది. ఇల్లంతా నూనె వాసన పట్టకూడదని మా ఆయన గ్యారేజిలో కరెంటు స్టవ్ పెట్టి, దానికోసం నక్షత్రం ప్లగ్గు పీకేశారు.

"ఏవండీ! స్టార్ పెట్టండి! అర్జెంట్‌గా స్టార్ ఆన్ చేయండి!" అని అరిచాను.

"ఆయిల్ ఇప్పుడే హీట్ అవుతోందే!"

"ఆయిల్ సంగతి తర్వాత, ముందు అది పెట్టండి!"

నక్షత్రం వెలిగింది. పక్కింటి వసారాలో పెద్దాయన తల ఊపి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

చెప్పులు తడుపుకుంటూ, చేతులూపుకుంటూ వెళ్ళి బెల్ కొట్టాను. తలుపు తీశారు. ఎందుకొచ్చావని అడగలేదు. గది నిండా టేపు వేసిన అట్టపెట్టెలు. మధ్యలో తెల్ల గుడ్డ పరిచిన బల్ల, రెండు కంచాలు. "కూర్చో," అన్నారు. అలవాటు కొద్దీ వద్దు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. పళ్ళు బిగించి దాన్ని మింగేసి, వెళ్ళి కూర్చున్నాను.

మా చర్చిలో ప్రభు భోజనానికి ఇచ్చే బల్ల రొట్టెలా పల్చగా ఉన్న తెల్లటి అప్పాలు రెండు తీసి, ఒకటి నాకిచ్చి ఒకటి తను పట్టుకున్నారు. ఆయన దానిలోంచి నేనొక ముక్క, నా దానిలోంచి ఆయనొక ముక్క తుంపుకుని తిన్నాం. చల్లగా ఉండమని దీవించారు. మీరూ చల్లగా ఉండాలన్నాను. ఎర్రటి బీట్‌రూట్ సూపు ఆవిర్లు కక్కుతోంది. ఆకలికి ఆగలేక స్పూను తీశాను.

"ఆగు," అన్నారు.

ఇంకేం తప్పు చేశానో అనుకున్నాను. ఆయన లేచి, పెట్టెల మీద రాసిన పేర్లు వేలితో చదువుకుంటూ వెళ్ళారు. ఒకదాని దగ్గర ఆగి, జేబులోంచి కత్తి తీసి టేపు కోశారు. పాత న్యూస్ పేపరు చుట్టలు ఒకటి, రెండు, మూడు విప్పి, ఒక కంచం బయటికి తీశారు. సింకు దగ్గర నిలబడి కడిగారు. తుడిచారు. తుడుస్తూనే, నా వైపు చూడకుండా, "రెండే బయట ఉంచాను. మూడోది కావాల్సి వస్తుందనుకోలేదు," అన్నారు.

"మూడోది ఎవరికి అంకుల్?"

"ఇప్పుడది నీ కంచం అయిపోయింది. మరి పిలవనివాళ్ళకి ఏదీ?"

ఆ కంచాన్ని మా ఇద్దరి మధ్య పెట్టి, అంచు బల్లకి సమానంగా సర్ది, అప్పుడు కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆయన గరిటెతో సూపు వడ్డించారు. నా కంచంలో ఒక గరిటె వేసి, రెండోది పట్టుకుని నా మొహంలోకి చూశారు.

"ఇంకొంచెం?" అన్నారు.

"వేయండి," అన్నాను.